డీబేస్ నుంచి యాక్సెస్ దాకా: మన లెక్కలు రిజిస్టరు మారిన కథ



ప్రత్యేక సంచికకు తలా ఒక వ్యాసం వ్రాయవలసిందని కార్యవర్గం వారు కోరారు. యాత్రల మీద, ఆరోగ్యం మీద, ఆధ్యాత్మిక విషయాల మీద వ్రాయగలిగినవారు మనలో చాలామంది ఉన్నారు. నేను 1972లో గుమాస్తాగా చేరి, 2009లో సూపరింటెండెంటుగా దిగిపోయినవాణ్ణి. నాకు కాస్తో కూస్తో తెలిసినది రికార్డు. అందుచేత రికార్డు కథే వ్రాస్తున్నాను. ఇది బీరువాలో ఉండే రికార్డు కథ కాదు, కంప్యూటరులోకి ఎక్కిన రికార్డు కథ.

ఇది మనకెందుకు అని కొందరు మిత్రులు అనుకోవచ్చు. మన పుట్టిన తేదీ, కమ్యుటేషన్ తేదీ, కుటుంబ పెన్షనుకు అర్హులైనవారి పేరు, ఇవన్నీ ఇవాళ ఏదో ఒక యంత్రంలో ఉన్నాయి. అక్కడికి అవి సర్వీసు రిజిస్టరు నుంచి నేరుగా వెళ్ళలేదు. మధ్యలో ఒకటి రెండు పాత ప్రోగ్రాముల గుండా నడిచి వెళ్ళాయి. ఆ దారిలో ఏం జరిగిందో తెలిస్తే, మన కాగితాలను మనం ఎందుకు జాగ్రత్త చేసుకోవాలో తెలుస్తుంది.

పాత ఆనవాయితీ

కొత్త రిజిస్టరు తెరిచే పద్ధతి మనందరికీ తెలిసినదే. పాతది నిండిపోతే కొత్తదాని మొదటి పుటలో పేజీల సంఖ్య వ్రాసి అధికారి సంతకం తీసుకునేవాళ్ళం. పాతదానిలో మిగిలిన పద్దులన్నీ ఎత్తి వ్రాసి, నిల్వలు తెచ్చి, ఒకరు చదువుతుంటే మరొకరు పెన్సిలుతో టిక్కు పెట్టి, చివరన "పోల్చి చూడబడినది" అని వ్రాసి ఇద్దరూ సంతకం చేసేవాళ్ళం. పాత రిజిస్టరును పారేసేవాళ్ళం కాదు. మోపు కట్టి రికార్డు గదికి పంపేవాళ్ళం. కొత్తదానిలో ఎప్పుడు అనుమానం వచ్చినా పాతది తీసి చూడవలసిందే.

కంప్యూటరు వచ్చిన తరువాత ఈ ఆనవాయితీ అవసరం లేదని కొందరు అనుకున్నారు. నిజానికి అవసరం రెట్టింపయింది.

డీబేస్ పుట్టుక

మన దేశంలో కంప్యూటరు శిక్షణ అంటే ఒకప్పుడు మూడే మాటలు: వర్డ్‌స్టార్, లోటస్, డీబేస్. ఉత్తరాలకు మొదటిది, లెక్కల పట్టికలకు రెండవది, జాబితాలకు మూడవది. 1980ల చివరలో వీధి వీధినా వెలసిన శిక్షణ కేంద్రాల బోర్డుల మీద ఈ మూడు పేర్లే ఉండేవి.

డీబేస్‌ను వ్రాసినవారు వేన్ రాట్‌లిఫ్ అనే అమెరికన్ ఇంజనీరు. కాలిఫోర్నియాలో, అంతరిక్ష నౌకలను నడిపే జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో పని చేసేవారు. ఆ ఆఫీసులో ఫుట్‌బాల్ ఆటల మీద పందాలు కట్టుకునేవారట. జట్ల లెక్కలన్నీ ఒకచోట చేర్చి చూసుకుంటే గెలవవచ్చునని, 1978 ప్రాంతంలో ఆయన ఇంట్లోని చిన్న కంప్యూటరు కోసం ఒక ప్రోగ్రాము మొదలుపెట్టారు. దానికి నమూనా లేకపోలేదు. ఆ లేబొరేటరీలోని పెద్ద కంప్యూటరు మీద జె.పి.ఎల్.డి.ఐ.ఎస్. అనే జాబితాల ప్రోగ్రాము అప్పటికే ఉంది. తన ప్రోగ్రాముకు రాట్‌లిఫ్ గారు వల్కన్ అని పేరు పెట్టారు. పత్రికలో ప్రకటన ఇచ్చి అమ్మారు కూడా. కాని ఉద్యోగం చేసుకుంటూ అమ్మకాలు చూసుకోవడం ఒక్కరి వల్ల కాలేదు.

1980లో జార్జ్ టేట్ అనే వ్యాపారి దాన్ని అమ్మే హక్కు తీసుకుని డీబేస్-2 అని పేరు మార్చారు. డీబేస్-1 అనేది ఎప్పుడూ లేదు. "2" అంటే సరిదిద్దిన ప్రోగ్రాము అని కొనేవారు అనుకుంటారని ఆ పేరు! కంపెనీ పేరు ఆష్టన్-టేట్. అందులో ఆష్టన్ అనే మనిషి కూడా లేరు. పేర్ల సంగతి అలా ఉంచితే సరుకు మాత్రం మంచిది. 1984లో డీబేస్-3, ఆ మరుసటి ఏడాది చివర డీబేస్-3 ప్లస్ వచ్చాయి. మన ఆఫీసుల్లో చాలాకాలం నడిచినది ఈ ప్లస్సే. 1988లో వచ్చిన డీబేస్-4 తప్పుల తడకగా రావడంతో కంపెనీ దెబ్బ తిన్నది.

అదే 1988లో ఆ కంపెనీ మరొక పని చేసింది. డీబేస్ భాషనే వాడుకుని, దాని ఫైళ్ళనే చదివే ఫాక్స్‌బేస్ అనే ప్రోగ్రామును తయారుచేసిన ఫాక్స్ సాఫ్ట్‌వేర్ మీద దావా వేసింది. 1990 డిసెంబరులో న్యాయమూర్తి తీర్పు ఆష్టన్-టేట్‌కే ఎదురు తిరిగింది. పాత జె.పి.ఎల్. ప్రోగ్రాము నుంచి తీసుకున్న సంగతి కాపీరైటు దరఖాస్తులో చెప్పలేదు గనుక మీ హక్కే చెల్లదన్నారు. 1991 ఏప్రిల్‌లో ఆయనే ఆ తీర్పును వెనక్కు తీసుకున్నారు. ఆ తరువాత బోర్లాండ్ కంపెనీ ఆష్టన్-టేట్‌ను కొనేసింది. ఆ భాష మీద హక్కు కోసం పోరాడకూడదని అమెరికా న్యాయశాఖ షరతు పెట్టింది. 1992లో ఫాక్స్‌ను మైక్రోసాఫ్ట్ కొన్నది. అదే ఏడాది నవంబరులో మైక్రోసాఫ్ట్ వారి యాక్సెస్ మొదటి రూపం బజారులోకి వచ్చింది.

దావా వల్ల ఎవరికి ఎంత లాభించిందో గాని, డీబేస్ ఫైలును ఎవరి ప్రోగ్రామైనా చదవవచ్చుననే వాడుక మాత్రం నిలిచిపోయింది. మన రికార్డులు బ్రతకడానికి ఒక కారణం అదే.

ఆ ఫైలులో ఏముంది

రెండవ కారణం ఆ ఫైలు కట్టుబడి. దాని పేరు చివర డి.బి.ఎఫ్. అని ఉంటుంది. దాన్ని మన రిజిస్టరుతో పోల్చి చెబుతాను.

మొదటి 32 అక్షరాల స్థలం ముఖపత్రం. ఇది ఏ రకం ఫైలు, ఆఖరిసారి ఏ తేదీన మార్చారు, ఎన్ని పద్దులు ఉన్నాయి, ఒక్కొక్క పద్దు పొడవు ఎంత అన్నవి అక్కడ ఉంటాయి. తరువాత ఒక్కొక్క గడికి 32 అక్షరాల చొప్పున గడుల శీర్షికలు. గడి పేరు పది అక్షరాలకు మించకూడదు. పేరు పక్కన ఒక గుర్తు. అక్షరాలకు సి, అంకెలకు ఎన్, తేదీకి డి, అవును-కాదులకు ఎల్, పొడుగాటి రిమార్కులకు ఎం. ఆ తరువాత పద్దులు, ఒకదాని వెనుక ఒకటి. అంకెలను కూడా అక్షరాల లాగానే వ్రాస్తుంది. తేదీని 19280612 అని, అంటే ముందు సంవత్సరం, తరువాత నెల, ఆఖరున రోజుగా వ్రాస్తుంది.

అంటే ఏ గడిలో ఏముందో ఫైలే చెప్పుకుంటుంది. గుమాస్తా బదిలీ అయినా, ప్రోగ్రాము వ్రాసినవారు వెళ్ళిపోయినా, ముఖపత్రం చూసి మరొకరు చదువుకోవచ్చు. మన పూర్వపు హెడ్ గుమాస్తాలు శీర్షికలు లేని రిజిస్టరును ఎందుకు తిప్పికొట్టేవారో అది నేర్చుకున్నాక నాకు ఇంకా బాగా అర్థమైంది.

మా ఆఫీసులో మార్పు

నేను పనిచేసిన ఒక జిల్లా కార్యాలయంలో 1989లో కంప్యూటరు దిగింది. పెన్షనర్ల జాబితా, భవిష్య నిధి లెక్కలు డీబేస్-3 ప్లస్‌లో పెట్టారు. పదేళ్ళ పాటు నడిచాయి. 1999లో, 2000 సంవత్సరం వస్తే పాత యంత్రాలు తేదీలు తప్పు చూపుతాయన్న భయంతో కొత్త కంప్యూటర్లు వచ్చాయి. వాటిలో యాక్సెస్-97 ఉంది. పాత ఫైళ్ళన్నీ అందులోకి మార్చమని తాఖీదు వచ్చింది.

చెయ్యవలసిన పని చూడ్డానికి సులువే. యాక్సెస్‌లో ఒక ఖాళీ డేటాబేస్ తెరిచి, బయటి ఫైలు తెచ్చుకో అనే అంశం నొక్కి, ఫైలు రకం డీబేస్-3 అని చెబితే, నిమిషంలో పట్టిక తయారవుతుంది. కావాలంటే తెచ్చుకోకుండా, ఫైలు ఎక్కడున్నది అక్కడే ఉంచి లింకు కలుపుకోవచ్చు. మాకు సాయం చెయ్యడానికి వచ్చిన కుర్రవాడు "గంటలో అయిపోతుందండీ" అన్నాడు. యంత్రం పని గంటలోనే అయింది. మా పనికి మూడు వారాలు పట్టింది.

మొట్టమొదట లెక్క కుదరలేదు. నెల నెలా తీసే కాగితపు జాబితా కంటే కొత్త పట్టికలో పేర్లు ఎక్కువ వచ్చాయి. చూడగా ఎక్కువ వచ్చినవారందరూ స్వర్గస్థులైనవారు! డీబేస్‌లో ఒక పద్దును తీసివేయమంటే అది నిజంగా తీసివేయదు. పద్దు ముందు ఒక నక్షత్రం గుర్తు పెడుతుంది. మనం ఎర్ర సిరాతో గీత కొట్టినట్లన్న మాట. ప్యాక్ అనే ఆదేశం ఇస్తేనే పద్దు పోతుంది. ఆ గుర్తును పట్టించుకోవాలా వద్దా అన్నది తెచ్చుకునే ప్రోగ్రాము అమరికను బట్టి ఉంటుంది. మా యంత్రం పట్టించుకోలేదు. కాగితంతో పోల్చకపోతే పోయినవాళ్ళకు కూడా బిల్లు తయారయ్యేది.

రెండవది తేదీలు. డి గుర్తు ఉన్న గడిలోని తేదీలు సుఖంగా వచ్చాయి. కాని జాబితాలో ఒక పాత భాగంలో పుట్టిన తేదీలను అక్షరాల గడిలో 12/06/28 అని పెట్టి ఉన్నారు. వీటిని తేదీలుగా మార్చమంటే యాక్సెస్ తన నియమం పాటించింది. రెండంకెల సంవత్సరం 30 నుంచి 99 వరకు ఉంటే 1900ల కింద, 00 నుంచి 29 వరకు ఉంటే 2000ల కింద లెక్క. 1928లో పుట్టిన పెద్దాయన కాస్తా 2028లో పుట్టబోయే శిశువయ్యారు! పైగా కంప్యూటరులో అమెరికా వారి తేదీ వరుస ఉన్నచోట జూన్ 12 డిసెంబరు 6 అయి కూర్చుంది. రోజు 13 నుంచి 31 లోపు ఉన్నవి ఇలా తారుమారు కావు, పన్నెండు లోపువే అవుతాయి. అందువల్ల పైపైన చూస్తే సగానికి పైగా సరిగానే కనిపిస్తాయి. ప్రమాదం అక్కడే ఉంది.

మూడవది రూపాయలు. డీబేస్‌లోని అంకెల గడిని యాక్సెస్ దశాంశాల గడిగా తెచ్చుకుంటుంది. పైసల లెక్కకు అది పనికిరాదు, కూడికలో సూక్ష్మమైన తేడాలు రావచ్చు. దానిని డబ్బు గడిగా మార్చుకోవాలి. అలాగే పెన్షను ఆర్డరు నంబరు అంకెల గడిలో ఉంటే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. 00417 నంబరు 417 అవుతుంది. నంబరు అంటే కూడిక తీసివేత చేసేది కాదు, అది కూడా ఒక పేరే. దాన్ని అక్షరాల గడిలోనే ఉంచాలి.

ఒక రిమార్కు విలువ

నాలుగవది నేను మరిచిపోలేనిది. పొడుగాటి రిమార్కులను డీబేస్ అసలు ఫైలులో ఉంచదు. డి.బి.టి. అనే వేరే ఫైలులో పెట్టి, ఇక్కడ ఆ రిమార్కు ఎక్కడున్నదో చెప్పే అంకె మాత్రం ఉంచుతుంది. రెండూ జంటగా ఉండాలి. కుటుంబ పెన్షను ఫైలు మాకు ఫ్లాపీ మీద వచ్చింది. అందులో డి.బి.ఎఫ్. ఉంది గాని డి.బి.టి. లేదు. యాక్సెస్ తెరవనన్నది.

సాయం చేస్తున్న కుర్రవాడు తెలివైనవాడు. "ముఖపత్రంలో మొదటి గుర్తు 83 అని ఉందండీ. అంటే రిమార్కుల ఫైలు ఉన్నదని అర్థం. దాన్ని 03 చేస్తే రిమార్కులు లేవనుకుని తెరుచుకుంటుంది. రిమార్కులే కదా, పోతే పోయాయి" అన్నాడు. అతను చెప్పినది సాంకేతికంగా నిజమే.

మా సూపరింటెండెంటు గారు ఒప్పుకోలేదు. "బాబూ, అసలు గడుల్లో పట్టనిదే రిమార్కుల్లో వ్రాస్తారు. మామూలు కేసుకు రిమార్కు ఉండదు. పాత యంత్రం వెతకండి" అన్నారు. మూల గదిలో గోనె కప్పి ఉంచిన పాత కంప్యూటరు బయటకు తీశాం. రెండు రోజుల తంటాల తరువాత పని చేసింది. డి.బి.టి. ఫైలు దాని డిస్కులోనే భద్రంగా ఉంది.

రెండూ కలిపి తెరిచాక రిమార్కులన్నీ అచ్చు తీసి చదివాం. ఒక చోట ఇలా ఉంది: తల్లి తదనంతరం కుటుంబ పెన్షనుకు అర్హురాలు మతిస్థిమితం లేని కుమార్తె, వైద్య ధ్రువపత్రం ఫలానా ఫైలులో ఉన్నది. మామూలు గడుల్లో తల్లి పేరు ఒక్కటే ఉంది. ఆ తల్లి ఆ తరువాత కొన్నేళ్ళకు కాలం చేశారు. ధ్రువపత్రం ఎక్కడున్నదో తెలియకపోతే ఆ అమ్మాయి తరఫున తిరగవలసినవాళ్ళు ఎన్ని మెట్లు ఎక్కవలసి వచ్చేదో! ఆ ఒక్క వాక్యం ఆమెకు అన్నం పెట్టింది.

ఆ తరువాత మా పద్ధతి ఇలా పెట్టుకున్నాం. పాతదానిలోని పద్దుల సంఖ్య, కొత్తదానిలోని సంఖ్య ఒకటి కావాలి. ప్రతి అంకెల గడి మొత్తం రెండింటిలోనూ కూడి చూడాలి. పుట్టిన తేదీల్లో అన్నింటికంటే పాతది, అన్నింటికంటే కొత్తది తీసి చూడాలి, వింతలు అక్కడే బయటపడతాయి. పదింటికి ఒకటి చొప్పున కాగితం రికార్డుతో పోల్చాలి. రిమార్కు ఉన్నవి మాత్రం ఒక్కటీ వదలకూడదు. ఒకరు చదవాలి, ఇంకొకరు టిక్కు పెట్టాలి. చివరన ఇద్దరూ సంతకం. చూశారా, పాత ఆనవాయితీ మళ్ళీ వచ్చింది.

కొత్తది పాతదైంది

కథ ఇక్కడితో ఆగలేదు. 2007లో యాక్సెస్ తన ఫైలు రూపాన్నే మార్చింది. 2013లో వచ్చిన యాక్సెస్ డీబేస్ ఫైళ్ళను తెచ్చుకోవడం మానేసింది. అంతకంటే విచిత్రం, తన సొంత పూర్వీకుడైన యాక్సెస్-97 ఫైళ్ళను కూడా తెరవనన్నది. 2010 నాటి ప్రోగ్రాములోనో అంతకు ముందుదానిలోనో తెరిచి, రూపం మార్చుకుని రావలసిందేనన్నారు. వాడుకరులు మొర పెట్టుకోగా 2016లో డీబేస్ దారిని మళ్ళీ తెరిచారు. యాక్సెస్-97 దారిని మాత్రం తెరవలేదు. అవతల ఫాక్స్‌ప్రో వంశంలో ఆఖరిది 2004లో వచ్చింది, దానికి మైక్రోసాఫ్ట్ వారి మద్దతు 2015 జనవరితో ముగిసింది.

కాబట్టి 1989లో మేము వ్రాసిన పాత ఫైలును ఇవాళ ఉచితంగా దొరికే లిబ్రె ఆఫీసు కూడా చదువుతుంది. భూపటాలు తయారుచేసేవారు నేటికీ పటంతో పాటు వివరాల పట్టికను డి.బి.ఎఫ్. రూపంలోనే పెట్టుకుంటారు. 1999లో "ఇక ఇదే శాశ్వతం" అనుకుని మార్చిన ఫైలుకు మాత్రం తాళం చెవి వెతుక్కోవలసి వచ్చింది. పాతదాన్ని చెరపకుండా సీడీ మీద వ్రాయించి, దానికి "ఆర్.డిస్." అని చీటీ అంటించి, శాశ్వత రికార్డులో పెట్టించిన మా సూపరింటెండెంటు గారి ముందుచూపుకు నమస్కారం.

యాక్సెస్‌ను నేను నిందించడం లేదు. పేరు కొట్టగానే మనిషి వివరాలన్నీ ఒక్క తెర మీద చూపించడం, కేసులన్నిటికీ ఒకే పెట్టె, చక్కటి అచ్చు, ఇవన్నీ దానివల్ల వచ్చిన మేళ్ళే. యాక్సెస్-2000 తరువాత, తెలుగు తెలిసిన విండోస్ వచ్చాక, మన పేర్లను మన లిపిలో వ్రాసుకునే వీలు కూడా కలిగింది. ప్రోగ్రాము ఏదైనా దాని ఆయుష్షు మన పెన్షను కాలం కంటే తక్కువ అన్నదే నేను చెప్పదలచినది. మనలో ముప్పై ఏళ్ళు పెన్షను తీసుకున్నవారున్నారు. అన్నేళ్ళు మారకుండా నిలిచిన ఆఫీసు ప్రోగ్రామును నేను చూడలేదు.

మిత్రులకు మనవి

ఇందువల్ల మనం చెయ్యవలసినవి నాలుగు ఉన్నాయి. మొదటిది, ఖజానా వారి వద్ద గాని బ్యాంకు వారి వద్ద గాని మీ వివరాలు అచ్చు తీయించుకుని, పెన్షను ఆర్డరుతో పక్కపక్కన పెట్టి చదవండి. మీరు చదవండి, ఇంట్లో ఒకరిని టిక్కు పెట్టమనండి. రెండవది, పుట్టిన తేదీలో రోజు, నెల తారుమారయ్యాయేమో ప్రత్యేకంగా చూడండి. వయస్సుతో వచ్చే అదనపు పెన్షను ఆ తేదీని పట్టుకునే వస్తుంది. మూడవది, కమ్యుటేషన్ సొమ్ము ఇచ్చిన తేదీ చూడండి. 15 ఏళ్ళకు పూర్తి పెన్షను పునరుద్ధరణ ఆ తేదీ నుంచే లెక్క. నాలుగవది, ఇంట్లో వికలాంగులైన బిడ్డలు ఉన్నవారు ఆ సంగతి రికార్డులో ఎక్కిందో లేదో కనుక్కుని, ధ్రువపత్రం నకలు ఇంట్లోనూ పెట్టుకోండి. అది ఎవరి యంత్రంలోనో రిమార్కుల గడిలో మాత్రమే ఉండనివ్వకండి.

మన పిల్లలు, మనవలు చాలామంది ఇదే రంగంలో హైదరాబాదులోనూ, బెంగుళూరులోనూ, అమెరికాలోనూ పనిచేస్తున్నారు. పాత లెక్కలను కొత్త యంత్రాల్లోకి ఎత్తడమే కొందరికి వృత్తి. వారికి ఈ వ్యాసం చదివి వినిపించండి. వాళ్ళు పద్దు అనేది ఒక మనిషి. నక్షత్రం గుర్తు ఒక ఇంటి దుఃఖం. రిమార్కు ఒక ఆడపిల్ల భుక్తి. ఎత్తి వ్రాసేటప్పుడు ఆ సంగతి మనస్సులో ఉంచుకుని, అయ్యాక పోల్చి చూసి సంతకం చెయ్యమని ఒక పాత గుమాస్తా చెప్పాడనండి.